తుమ్ము చిన్నదే, సూది చిన్నది కాదు

పుష్యం రాగానే బారువ నుంచి పలాస దాకా జీడితోటలు పూత పట్టడం మొదలెడతాయి. రైతు చెట్టు కేసి చూసి ఈ ఏడు పిక్క ఎంత రాలుతుందో లెక్క వేసుకుంటాడు. కూలీ ఎన్నాళ్లు పని దొరుకుతుందో లెక్క వేసుకుంటుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే ఇంటికొకరు తుమ్ముతూ, కళ్లు నలుపుకుంటూ, రాత్రిళ్లు దగ్గుతూ కనిపిస్తారు. అడిగితే "ఏటుంది బాబూ, పూత దినాలు కదా, ఏటా ఉన్నదే" అంటారు.

ఏటా ఉన్నదే. నిజమే. ఏటా ఉన్నది గనుకనే దాని గురించి మాట్లాడుకోవాలి. పిక్కల బస్తా ధర గురించి మనం సభలు పెట్టుకుంటాం, అర్జీలు ఇచ్చుకుంటాం. ఆ పిక్క కొట్టే చేతి పొక్కు గురించి, ఆ తోటలో తిరిగే మనిషి ఊపిరి గురించి మాత్రం మాట్లాడుకోం. రైతుకూలీల సమస్యలు రాసే చోట తుమ్ముల గోలేమిటని ఎవరైనా అడగవచ్చు. మేము చెప్పేది ఒకటే. తుమ్ము వల్ల మనిషి చావడు. కానీ ఆ తుమ్ము మానడానికి మనం వేయించుకునే సూది, మింగే మాత్ర ఉద్దానం మనిషికి ముప్పు తేవచ్చు. ఇంకోవైపు, తుమ్మేలే అని తోసేసిన దానిలోనే ఒక్కోసారి ఆస్తమా ఉంటుంది, క్షయ ఉంటుంది, పురుగుమందు విషం ఉంటుంది. ఏది ఓర్చుకోవచ్చు, దేనికి బండి కట్టాలి అన్నది కూలీ మనిషికి తెలిసి ఉండాలి. తెలియకపోతే పోయేది మన కూలి, మన ఒళ్లు.

ఎలర్జీ అంటే ఏమిటి?

మన ఊళ్లలో దీనికి మంచి మాటే ఉంది: "పడదు" అంటాం. ఒకరికి వంకాయ పడదు, ఒకరికి దుమ్ము పడదు. అదే ఎలర్జీ. మన ఒంట్లో రోగాన్ని ఎదిరించే కావలి బలం ఒకటుంది. అది కొందరిలో అపాయం లేని పుప్పొడిని, ధూళిని చూసి శత్రువు అనుకుని పోరు మొదలెడుతుంది. ఆ పోరులో హిస్టమిన్ అనే పదార్థం విడుదలవుతుంది. ముక్కు కారడం, కన్ను దురద పెట్టడం, ఒంటి మీద దద్దుర్లు లేవడం దాని పనే. ఇది అంటువ్యాధి కాదు. అయితే వంశంలో ఆయాసం, గజ్జి లాంటి దురద జబ్బులు ఉన్నవారికి ఎక్కువగా వస్తుంది.

మన సీమలో ఏ నెలలో ఏది ఎదురవుతుందో చూద్దాం. కార్తీకం, మార్గశిరాల్లో వరి కోతలు, నూర్పిళ్లు. ఆ నూకధూళిలో పొట్టుతో పాటు బూజు కూడా ఉంటుంది. తడిసి ముక్కిన గడ్డి కదిపితే ఈ బూజు మరీ ఎక్కువ. పుష్యం నుంచి జీడి, మామిడి పూత. జీడిపూత పుప్పొడి కొందరికి పడదని గోవా పరిశోధకులు 1995లోనే ప్రకటించారు. గోవా కూడా మనలాగే సముద్రపుటొడ్డు, జీడి నేల. పోర్చుగీసువాళ్లు ఈ చెట్టును దేశంలోకి తెచ్చింది అక్కడికే. తీరం పొడుగునా ఉన్న సరుగుడు, ఉద్దానానికి ప్రాణమైన కొబ్బరి — వీటి పుప్పొడి కూడా కొందరికి పడదు. ఇక పీచు కొట్టే చోట కొబ్బరిపొట్టు దుమ్ము, పిక్కలు కాల్చే చోట పొగ ఏడాది పొడుగునా ఉంటాయి.

ఇంకొకటి ఉంది, వయ్యారిభామ. కాంగ్రెసు గడ్డి అని కూడా అంటాం. తెల్లటి చిన్న పూలతో రైలుకట్టల పక్కన, బంజర్లలో, బడి ఆవరణల్లో ఎక్కడ చూసినా అదే. ఇది మన దేశపు మొక్క కాదు, అమెరికా ఖండానిది. పి.ఎల్. 480 కింద అమెరికా నుంచి తెప్పించుకున్న గోధుమలతో పాటు వచ్చి దేశమంతా అల్లుకుందని చెబుతారు. 1955లో పూణేలో దీన్ని గుర్తించారు. గోధుమలు ఆ తరంవాళ్లు తిన్నారు, గడ్డి మాత్రం మనకు మిగిలింది. దీని పుప్పొడి ముక్కుకు పడదు, ఆకు తగిలితే చర్మానికి పడదు. మెడ, ముఖం, మోచేతి మడతలు, అంటే గుడ్డ కప్పని చోట్ల నల్లబడి, మందంగా మారి, భరించలేని దురద పెడుతుంది. కలుపు తీసే ఆడకూలీలకు ఇది బాగా తెలిసిన బాధే.

జలుబా, ఎలర్జీయా?

రెండింటికీ ముక్కు కారుతుంది. తేడా పోల్చుకోవడం కష్టమేమీ కాదు.

జలుబైతే ఒళ్లు నొప్పులు, గొంతు మంట, కాస్త జ్వరం ఉండవచ్చు. ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. ఎలర్జీకి జ్వరం ఉండదు. తుమ్ములు ఒకటి కాదు, వరసగా ఐదూ పదీ వస్తాయి. ముక్కు నుంచి వచ్చేది నీళ్లలా తేటగా ఉంటుంది. ముక్కు, కన్ను, అంగిలి దురద పెడతాయి. తోటలోకి వెళితే ఎక్కువ, ఊరు దాటితే తక్కువ. వారాల తరబడి, పూత ఉన్నన్నాళ్లూ ఉంటుంది. నిరుడు కూడా ఇవే రోజుల్లో వచ్చిందా అని గుర్తు చేసుకోండి. వస్తే అది ఎలర్జీ అనుకోవడానికి బలమైన గుర్తు.

దగ్గు విషయంలో మాత్రం ఒక లెక్క గట్టిగా పెట్టుకోవాలి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే పూత కాలమని సరిపెట్టుకోకూడదు. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, కఫంలో నెత్తురు జీర ఉంటే అసలే ఆగకూడదు. ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం. క్షయ అయితే మందులూ ఉచితమే. దుమ్ములో పని చేసేవాళ్ల దగ్గును దుమ్ము దగ్గు అని కొట్టి పారేస్తుంటే లోపల క్షయ ముదిరిపోతుంది.

రాత్రి మూడో జాములో దగ్గుతో మెలకువ రావడం, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు, రొమ్ము పట్టేసినట్లుండడం ఆస్తమా గుర్తులు. ముక్కు ఎలర్జీ ఉన్నవారిలో చాలామందికి ఆస్తమా కూడా ఉంటుంది. ముక్కూ ఊపిరితిత్తులూ ఒకే దారిలో రెండు కొసలు. ఒకదాన్ని బాగు చేసుకుంటే రెండోదీ నెమ్మదిస్తుంది.

జీడినూనె పొక్కులు

పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు పరిశ్రమలు వందల్లో ఉన్నాయి. పిక్క కొట్టేదీ, పొట్టు ఒలిచేదీ, పప్పు ఏరేదీ ఎక్కువగా ఆడవాళ్లే. పిక్క మీది డొల్లలో నల్లటి నూనె ఉంటుంది. రంగులకూ, బ్రేకు లైనింగులకూ పనికొచ్చే సరుకు అది, దానికి ధర పలుకుతుంది. అదే నూనె చేతి మీద పడితే కాలుస్తుంది. చాకలి గుర్తులు పెట్టే నల్లజీడి తగిలితే ఒళ్లు పొక్కుతుందని మన పెద్దలకు తెలుసు. నల్లజీడి, జీడిమామిడి, మామిడి ఒకే కుటుంబపు చెట్లు. మామిడి సొన పడి మూతి పొక్కే పిల్లలను చూస్తూనే ఉంటాం.

ఈ నూనె రెండు రకాల కీడు చేస్తుంది. ఒకటి, తగిలిన చోట కాలిన గాయం. ఇది ఎవరికైనా వస్తుంది. రెండోది, కొందరికి కొన్నాళ్లు పని చేశాక పడకపోవడం మొదలవుతుంది. అప్పటినుంచి చుక్క తగిలినా, ఒకటి రెండు రోజుల తరువాత వేళ్ల సందుల్లో, మణికట్టు మీద, ముఖం మీద దురదతో పొక్కులు లేస్తాయి. ఇన్నేళ్లూ పడింది, ఇప్పుడెందుకు పడదు అనుకోవద్దు. ఏళ్ల తరువాత పడకపోవడమే దీని స్వభావం.

నూనె పడితే వెంటనే సబ్బూ నీళ్లతో బాగా కడగాలి. ఆ చేత్తో కన్ను తుడవకూడదు. కన్నులో పడితే చాలాసేపు మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి పోవాలి. కిరసనాయిలుతో తుడవడం వల్ల చర్మం ఇంకా పాడవుతుంది. పొక్కు చిదమకూడదు. పనికి ముందు చేతులకు ఆముదం రాసుకోవడం పాత అలవాటు, మంచిదే, కానీ అది చాలదు. పలచటి రబ్బరు తొడుగులను నూనె తినేస్తుంది. నైట్రైల్ తొడుగులు కాస్త ఆగుతాయి. తొడుగు వేసుకుంటే చెయ్యి ఆడదు, పని తగ్గుతుంది, కిలోకింత అని ఇచ్చే కూలి తగ్గుతుంది. అందుకే వేసుకోరు. తప్పు చేతిది కాదు, పీసు రేటుది. ఇది మరిచిపోయి "కూలీలకు జాగ్రత్త లేదు" అనే మాట ఎవరన్నా మనం ఒప్పుకోకూడదు.

ఇది ఎలర్జీ కాదు, విషం

పూత రోజులే మందు కొట్టే రోజులు కూడా. టీ దోమ పూతను మాడ్చేస్తుందని తోటలకు మందులు కొడతారు. మందు కొట్టిన మనిషికీ, పక్కన పని చేసే మనిషికీ ముక్కు కారుతుంది, కన్ను నీళ్లు కారుతుంది, రొమ్ము పట్టేస్తుంది. చూడడానికి ఎలర్జీలాగే ఉంటుంది. కానీ దానితో పాటు నోటి నిండా లాలాజలం ఊరడం, చెమటలు, వాంతి, కడుపులో మెలికలు, కంటిపాప చిన్నదై చూపు మసకబారడం, కండరాలు అదరడం కనిపిస్తే అది ఆర్గనోఫాస్ఫేటు జాతి పురుగుమందు విషం. దీనికి ఎలర్జీ మాత్ర పని చేయదు. బట్టలు విప్పి, ఒళ్లంతా సబ్బుతో కడిగి, ఆ మందు సీసా గానీ దాని మీది చీటీ గానీ వెంట పట్టుకుని, 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ఆలస్యమైతే ఊపిరి ఆగుతుంది. సీసా తీసుకుపోవడం మరిచిపోకండి. డాక్టరుకు విరుగుడు తేల్చుకోవడానికి అదే ఆధారం.

సూది కథ

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. తుమ్ములు ఆగవు, దురద తగ్గదు, రేపు పనికి పోవాలి. ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గరికి పోతాం. ఆయన్ని ఒక్కడినే తిట్టిపోయడం మా ఉద్దేశం కాదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచేది ఆయనే, అప్పు పెట్టేదీ ఆయనే. సర్కారు డాక్టరు లేని చోటును ఆయన నింపాడు. అయితే అక్కడ మనమే "ఒక సూది వెయ్యి బాబూ, తొందరగా తగ్గాల" అని అడుగుతాం. చాలాచోట్ల పడేది ఒక అవిల్, ఒక డెక్సామెథసోన్, ఒళ్లు నొప్పులన్నామని ఒక డైక్లోఫెనాక్. చేతిలో ఒక పొట్లం, అందులో పేరు తెలియని నాలుగు రంగుల మాత్రలు. సాయంత్రానికి హాయిగా ఉంటుంది. ఆ హాయే మోసం.

డెక్సామెథసోన్, బెట్నెసాల్ స్టిరాయిడ్లు. ప్రాణాపాయంలో ప్రాణం నిలిపే మంచి మందులే. డాక్టరు చూసి, కొద్ది రోజులకు ఇస్తే తప్పు లేదు. ప్రతి పూత కాలానికీ, ప్రతి తుమ్ముకూ వాడితే చక్కెర పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది, ముఖం ఉబ్బుతుంది. లోపల క్షయ ఉంటే అది చాటున పెరుగుతుంది. చాలాకాలం వాడి ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే, డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించుకోవాలి.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులకు ఎలర్జీతో సంబంధమే లేదు. ఇవి మూత్రపిండాలకు చేటు. ఏ ఊళ్లోనైనా జాగ్రత్తగా వాడవలసిన మందులివి, ఉద్దానంలో అయితే ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు — ఈ మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మనకెవరూ చెప్పనక్కరలేదు. ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇంకా తేలలేదు. ఏళ్ల తరబడి జరిగిన ఆందోళనల తరువాత 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే రోజున హిరమండలం నుంచి నీళ్లు తెచ్చే పథకమూ ప్రారంభమైంది. మంచిదే. అయితే డయాలిసిస్ పడక దాకా పోకుండా ఉండడమే మనకు కావలసింది. ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిన్నాక గాని పైకి తెలియదు. అంటే నేడు ఉద్దానంలో ఆరోగ్యంగా పనికి పోతున్న మనిషికి కూడా లోపల మూత్రపిండం ఎలా ఉందో తెలియదు. అలాంటి మనిషికి ఏ పరీక్షా లేకుండా తుమ్ము కోసం నొప్పి సూది వేయడం చీకట్లో బాణం వేయడమే.

ఇంకో సంగతి. మంచి ఎలర్జీ మాత్ర అని పేరున్న సెట్రిజిన్ కూడా మూత్రపిండాల గుండానే బయటికి పోతుంది. అవి బలహీనంగా ఉన్నవారికి మోతాదు తగ్గించి ఇవ్వాలి. జలుబు మాత్రలని కొట్లో అమ్మేవాటిలో ముక్కుదిబ్బడ తగ్గించే మందు కలుస్తుంది, కొన్నిటిలో నొప్పి మందు కూడా కలుస్తుంది. ముక్కుదిబ్బడ మందు రక్తపోటు పెంచగలదు. కనుక డాక్టరును గానీ, మందుల కొట్టువాణ్ణి గానీ రెండు ప్రశ్నలు అడగండి: "దీని పేరేమిటి? నా కిడ్నీకి ఇది పడుతుందా?" పేరు చెప్పని పొట్లం తీసుకోవద్దు.

చర్మానికి రాసే ట్యూబుల సంగతీ ఇంతే. దురదకు కొట్లో ఇచ్చే చాలా ట్యూబుల్లో స్టిరాయిడు ఉంటుంది. తామర మీద అది రాస్తే మొదట దురద తగ్గుతుంది, తరువాత తామర ఒళ్లంతా పాకి మొండిదవుతుంది. 2018లో ప్రభుత్వం ఇలాంటి స్టిరాయిడు ట్యూబులను డాక్టరు చీటీ ఉంటే తప్ప అమ్మకూడని మందుల్లో చేర్చింది. చీటీ అడిగే కొట్లు ఎన్ని ఉన్నాయో పాఠకులకే తెలుసు.

మన చేతిలో ఉన్నది

ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి. తోటలో, కళ్లంలో ముక్కూ నోరూ కప్పుకోవాలి. తువ్వాలు పెద్ద దుమ్మును ఆపుతుంది, సన్నదాన్ని ఆపదు. కరోనా కాలంలో అలవాటైన ఎన్95 మాస్కు మేలు. ఇంటికి రాగానే పని బట్టలు విడిచి, తల తడుపుకుని స్నానం చేసి పిల్లలను ఎత్తుకోండి. పుప్పొడి జుట్టులో చేరి రాత్రంతా దిండు మీద ఉంటుంది. పూత రోజుల్లో బట్టలు తోట పక్కన కాక ఇంటి చాటున ఆరేయండి. వంటపొగ, బీడీపొగ ఉన్న ఇంట్లో ఏ మందూ సరిగా పని చేయదు.

ముక్కు కడుక్కోవడం మంచి వైద్యం. కాచి చల్లార్చిన నీళ్లు పావు లీటరు, అందులో అర చిన్న చెంచా ఉప్పు. ముందుకు వంగి ఒక ముక్కులో పోసి రెండోదాని గుండా వదలాలి. పూటకొకసారి చేస్తే పుప్పొడి కొట్టుకుపోతుంది. పచ్చినీళ్లు వాడకూడదు.

మాత్ర కావలసి వస్తే సెట్రిజిన్, లొరాటడిన్ లాంటివి అవిల్ కంటే తక్కువ మత్తు ఇస్తాయి. అసలు మత్తే ఉండదని కాదు. కొబ్బరిచెట్టు ఎక్కేవాళ్లు, ట్రాక్టరు, నూర్పిడి మిషను నడిపేవాళ్లు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. అవిల్ మాత్ర మింగి చెట్టెక్కడం కల్లు తాగి చెట్టెక్కినట్లే. మాత్ర రాత్రి పూట వేసుకుని, మర్నాడు మత్తు ఉందో లేదో చూసుకుని పనికి కదలాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, రక్తపోటు, చక్కెర, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఏ మాత్రా వేసుకోరాదు.

ప్రతి ఏడూ బాధ పడేవారికి ముక్కులో కొట్టే స్టిరాయిడు స్ప్రే మాత్ర కంటే బాగా పని చేస్తుంది. అది ముక్కులోనే పని చేస్తుంది, ఒంట్లోకి పోయేది చాలా తక్కువ. సూదికీ దీనికీ అదే తేడా. ఒక్క రోజులో గుణం కనిపించదు. పూతకు ఒకటి రెండు వారాల ముందే డాక్టరు సలహాతో మొదలెట్టాలి. ఆస్తమాకు పంపు కూడా ఇంతే. పంపు అలవాటైపోతుంది, అది ఆఖరి మందు అనే మాటలు నమ్మి ఎందరో ఊపిరి పోగొట్టుకున్నారు. పంపు మందు నేరుగా ఊపిరితిత్తికి పోతుంది కనుక మోతాదు తక్కువ, చేటు తక్కువ. ఆయాసం వచ్చినప్పుడు కొట్టుకునే పంపు ఒకటి, రాకుండా రోజూ కొట్టుకునే పంపు ఇంకొకటి. మొదటి దాని మీదే బతుకుతున్నామంటే, వారానికి రెండుసార్లకు మించి అది కావలసి వస్తుందంటే, జబ్బు అదుపులో లేదని లెక్క. డాక్టరు దగ్గరికి పోవాలి.

ఎప్పుడు కదలాలి?

ఇది కత్తిరించి గోడకు అంటించుకోండి.

వెంటనే, రాత్రయినా పగలైనా 108కి ఫోను చేయవలసినవి: ఒక వాక్యం పూర్తిగా పలకలేనంత ఆయాసం. పెదవులు, గోళ్లు నీలంగా మారడం. ఊపిరికి డొక్కలు లోపలికి గుంజుకుపోవడం. పెదవి, నాలుక, గొంతు వాయడం. ఏదైనా తిన్నాక, కందిరీగ కుట్టాక, సూది వేయించుకున్నాక ఒళ్లంతా దద్దుర్లు లేచి కళ్లు తిరగడం, పడిపోవడం. పైన చెప్పిన పురుగుమందు గుర్తులు. ఎలర్జీ ఇలా ముంచుకొచ్చినప్పుడు తొడకు వేసే అడ్రినలిన్ సూది ప్రాణం నిలుపుతుంది. అవిల్, డెక్సా దానికి బదులు కావు. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి. ఊపిరి అందకపోతే కూర్చోబెట్టాలి. నడిపించకూడదు. జీడిపప్పు తిన్న పిల్లకు మూతి వాస్తే దాన్ని కూడా తేలికగా తీసుకోవద్దు, ఆ పప్పు పడని పిల్లలుంటారు.

ఒకటి రెండు రోజుల్లో ఆసుపత్రికి పోవలసినవి: పిల్లికూతలు, రాత్రి దగ్గు. జ్వరంతో చిక్కటి పచ్చకఫం. కన్ను ఎర్రబడి నొప్పి పెట్టడం, చూపు తగ్గడం. పొక్కులు చీము పట్టడం, ముఖం మీదికో కన్నుల చుట్టో పాకడం. కాళ్లు, కనురెప్పలు వాయడం, మూత్రం తగ్గడం. ఇది ఎలర్జీ వాపు కాక మూత్రపిండాల వాపు కావచ్చు.

తీరిక చూసుకుని తప్పక పోవలసినవి: రెండు వారాలు దాటిన దగ్గు. ఏటా పని పోగొట్టే తుమ్ములు. ఆరు వారాలు దాటినా మళ్లీ మళ్లీ లేచే దద్దుర్లు. వెళ్లినప్పుడు రక్తపోటు చూడమని, క్రియాటినిన్ పరీక్ష చేయమని, మూత్రం పరీక్ష చేయమని అడగండి. సోంపేట, పలాస, టెక్కలి ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. మీరు ఇదివరకు వాడిన మందుల చీటీలు, ఖాళీ అట్టలు వెంట తీసుకుపోండి.

ఒంటి జబ్బు కాదు, పని జబ్బు

ఇంతవరకు చెప్పినదంతా మనిషి ఒక్కడు చేసుకోగలిగింది. అక్కడితో ఆగితే సగం మాటే చెప్పినట్లు. తుమ్ము తోటలో వచ్చింది, పొక్కు ఫ్యాక్టరీలో వచ్చింది. మరి మందు ఖర్చు మాత్రం ఇంట్లో ఎందుకు పడాలి?

పని వల్ల వచ్చే చర్మవ్యాధి, పనిచోటి దుమ్ము వల్ల వచ్చే ఆస్తమా నష్టపరిహారం ఇవ్వవలసిన జబ్బుల జాబితాలో ఉన్నాయి. 1923 నాటి నష్టపరిహారం చట్టం జాబితాలో ఉన్న ఇవి సామాజిక భద్రతా కోడ్ జాబితాలోకీ వచ్చాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం దుమ్మూ పొగా బయటికి పంపే ఏర్పాటు యజమాని చేయాలని 14వ సెక్షనులో చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబరు కోడ్‌లు అమలులోకి తెచ్చారు. కోడ్ ఏదైనా కాగితం మీది హక్కు కూలీ దాకా రావాలంటే ఒకటి కావాలి: పనిచేసినట్లు రుజువు. పేరు రిజిస్టరులో లేని మనిషికి ఏ చట్టమూ లేదు. పదిమంది, అంతకు మించి పని చేసే పరిశ్రమలో ఇ.ఎస్.ఐ. చీటీ అడగండి. డాక్టరు దగ్గర "నేను పిక్కలు కొడతాను", "నేను తోటలకు మందు కొడతాను" అని చెప్పి, ఆ మాట చీటీ మీద రాయించుకోండి. ఆ ఒక్క ముక్క రేపు ఆధారం అవుతుంది.

మేము అడుగుతున్నవి ఇవి. పూత మొదలయ్యే ముందు, అంటే డిసెంబరులోనే, ఊరూరా వైద్య శిబిరం పెట్టి ఊపిరి, రక్తపోటు, క్రియాటినిన్ చూడాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆస్తమా పంపులు, ముక్కు స్ప్రేలు అయిపోయాయనే మాట వినిపించకూడదు. పిక్క కొట్టే చోట తొడుగు, మాస్కు, సబ్బు, నీళ్లు, చేతులు కడుక్కునే సమయం యజమాని ఇవ్వాలి. తొడుగు వల్ల తగ్గిన పనికి కూలి తగ్గించకూడదు. మందు కొట్టిన తోటలోకి చీటీ మీద రాసిన గడువు దాకా కూలీలను దించకూడదు. వయ్యారిభామను పూత రాకముందే వేళ్లతో పీకించే పని పంచాయతీలు చేపట్టాలి. పీకేవాళ్లకు చేతి తొడుగులు ఇవ్వాలి.

ఇవేవీ అడగగానే రావని మనకు తెలుసు. ఉద్దానానికి మంచినీళ్ల పథకమూ, కిడ్నీ ఆసుపత్రీ అడగగానే రాలేదు. ఊరూ ఊరూ కలిసి ఏళ్ల తరబడి అడిగితే వచ్చాయి. ముందుగా చేయవలసిన చిన్న పని ఒకటుంది. సంఘ సమావేశానికి ఈసారి వచ్చేటప్పుడు ప్రతివారూ తాము వాడిన మందుల అట్టలు, చీటీలు తీసుకురండి. ఎవరికి ఏ నెలలో ఏ బాధ వచ్చింది, ఎన్ని రోజుల కూలి పోయింది, ఎన్ని సూదులు పడ్డాయి అన్నది ఒక పుస్తకంలో రాద్దాం. చదువు వచ్చిన పిల్లలు రాస్తారు. ఒక్క పూత కాలం అలా రాసిన పుస్తకాన్ని మండల వైద్యాధికారి ముందు పెట్టినప్పుడు "ఏటా ఉన్నదే" అని ఎవరూ తోసిపుచ్చలేరు.